కొలిచిన బియ్యంలోంచి పిడికెడు

రేకు డబ్బాలో బియ్యం పడే చప్పుడు వినిపిస్తే చాలు, నాకు మెలకువ వచ్చేస్తుంది. ఈ ఉదయమూ అంతే. విజయవాడలోని మా అపార్ట్‌మెంట్ వంటగదిలో మా అమ్మాయి కెజియా కుక్కర్లోకి బియ్యం కొలిచి, అందులోంచి పిడికెడు తీసి పక్కనున్న డబ్బాలో వేసింది. కళ్ళు తెరవకుండానే నాకు మా అత్తగారు సుగుణమ్మగారు కనిపించారు.

ఆవిడది ఉయ్యూరు. నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళిన కొత్తలోనే ఈ పద్ధతి చూశాను. పూటపూటకీ వండబోయే బియ్యంలోంచి పిడికెడు దేవుడి డబ్బాలోకి వెళ్ళాలి. ఆదివారం ఆ డబ్బా చర్చికి వెళ్ళేది. సంఘంలోని ఆడవాళ్ళంతా తెచ్చినవి కలిపి, ఇబ్బందిలో ఉన్న ఇంటికి పంపేవారు. నేను మహా తెలివిగా బస్తాలోంచి తీసి వేయబోతే అత్తగారు చెయ్యి పట్టుకున్నారు.

"బస్తాలోంచి కాదమ్మాయ్, కొలిచిన దాంట్లోంచి తియ్యి. మన కంచంలో ఆ మాత్రం తగ్గాలి. తగ్గకపోతే మనం ఇచ్చిందేవుంది?"

ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు. ప్రార్థనలో దేవుణ్ణి కూడా బతిమాలేవారు కాదు, హక్కున్నట్టు గట్టిగా అడిగేవారు. పిల్లలకు ఇవ్వడానికి ఆవిడ దగ్గర పొలమూ బంగారమూ లేవు. ఉన్నది ఈ అలవాటే. తన తర్వాత ఇది ఆగిపోతుందేమోనన్నదే ఆవిడ భయం.

మా ఆయన ఉద్యోగం పోయిన ఏడాది నిజంగానే ఆగిపోయేలా ఉంది. బస్తా అడుగంటింది. కెజియా అప్పుడు చిన్నపిల్ల. డబ్బాలో పిడికెడు పడుతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

"ఈ నెలకి ఆపేద్దామండీ అత్తయ్యగారూ. పిల్లకే చాలట్లేదు."

"పిల్లకి తగ్గించకు, నాకు తగ్గించు. ఆపావంటే మళ్ళీ మొదలుపెట్టలేవు."

ఆ రోజుల్లో చాలాసార్లు ఆవిడ మజ్జిగ తాగి సరిపెట్టుకున్నారు. నాకు కోపమూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

ఒక ఆదివారం సాయంత్రం పాస్టరమ్మగారు గుడ్డసంచి పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. సంచిలో సంఘం బియ్యం. సన్నవీ లావువీ, పాతవీ కొత్తవీ అన్నీ కలిసిపోయి ఉన్నాయి. ఈసారి ఇబ్బందిలో ఉన్న ఇల్లు మాదే. నాకు తల కొట్టేసినట్టయింది. వద్దనబోతుంటే అత్తగారు నన్ను దాటుకుని వెళ్ళి రెండు చేతులూ చాపారు.

"దేవుడికి స్తోత్రం. ఇలా ఇవ్వండమ్మా."

పాస్టరమ్మగారు వెళ్ళగానే నా బాధంతా బయటపడింది. "ఇన్నాళ్ళూ ఇచ్చిన చేతులండీ మనవి! ఇప్పుడు చాపాల్సి వచ్చింది."

అత్తగారు సంచిలోని బియ్యం గిన్నెలోకి కొలిచారు. అందులోంచి పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేశారు.

"ఇంకా ఇస్తూనే ఉన్నాంగా," అన్నారు.

ఆ పూట నేను ఏడుస్తూనే అన్నం తిన్నాను. ఆపుదామన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

తర్వాత మా ఆయనకు విజయవాడలో ఉద్యోగం దొరికి అందరం ఇక్కడికి వచ్చేశాం. చివర్లో అత్తగారికి పక్షవాతం వచ్చింది. మంచం దగ్గరికే గిన్నె తీసుకెళ్ళేదాన్ని. అరచేతిలో బియ్యం పోస్తే వేళ్ళు మూసుకోక జారిపోయేవి. కెజియా నాయనమ్మ వేళ్ళను తన చేత్తో మూసి, అలాగే డబ్బాలోకి వేయించేది. ఆవిడ మనవరాలి వంక చూసే చూపులో పాత భయం ఉండేది కాదు.

ఈ ఉదయం వంటగదిలోకి వెళ్ళి, ఉండబట్టలేక అడిగాను.

"కొలిచిన దాంట్లోంచే తీశావా?"

"అబ్బా, కొలిచిందేనమ్మా! అచ్చం నాయనమ్మలా తయారయ్యావు."

ఆ మాట నాకు చాలా నచ్చింది. భోజనాల దగ్గర నా కంచంలో ఒక ముద్ద తక్కువే వడ్డించుకున్నాను. బస్తాలు నిండుగా ఉన్నా సరే, నేను బతికున్నంతకాలం ఈ ఇంట్లో ఆ ముద్ద తక్కువగానే తింటాం.