కలిపి తిప్పిన కాగితాలు

హైదరాబాదులో ఎం.ఏ. తెలుగు చదివే జగన్‌మోహన్, ప్రతి శనివారం జహీరాబాద్‌లో బస్సు దిగగానే సంచిలో కథ ఉందో లేదో రెండుసార్లు తడిమి చూసుకుంటాడు. ఇంట్లో దాన్ని బట్టల పెట్టె అడుగున దాస్తాడు. కాసేపటికి మళ్లీ తీసి పాత్ర పేరు మారుస్తాడు. అమ్మ మెట్టెల చప్పుడు వినబడితే కాగితాల మీదే కూర్చుంటాడు. ఎన్ని పేర్లు మార్చినా కథలోని మనిషి అమ్మలాగే కొంగు నడుముకు దోపుకుని నడుస్తుంది. 1963లో, తనకు ఏడేళ్లప్పుడు, అమ్మ మూట కట్టుకుని బొంబాయి సడక్ దాకా వెళ్లడం అతను చాటుగా వెనకే నడిచి చూశాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. కథలో ఆమె లారీ ఎక్కి వెళ్లిపోతుంది. ఆ ముగింపును లెక్చరరు క్లాసులో మళ్లీ చదివించుకుని మెచ్చుకున్నారు. వచ్చే నెల పత్రికలో అచ్చవుతుంది.

ఈ ఆదివారం అమ్మ భాగీరథమ్మ చాటలో కందిపప్పు ఏరుతూ, "ఏం రాసినవో జర సదువు బిడ్డా, నేను గూడ వింట" అంది. ఆమెకు అక్షరాలు రావు. అతను గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. సడక్ దగ్గరికి వచ్చేసరికి రెండు కాగితాలు కలిపి తిప్పేశాడు. ఆమె చెయ్యి చాటలో ఆగిపోయింది.

"రెండు కాగితాలు ఒక్కపారే తిప్పినవు. అండ్ల నేనున్ననా?"

అతను కాగితాలను మోకాలి కిందికి తోసుకున్నాడు. ఆమె పప్పులోంచి ఒక రాయి తీసి పక్కన పెట్టింది.

"నేను ఇంటికి మర్లొచ్చింది గూడ రాసినవా, బిడ్డా?"