ఒక ఫొటో, రెండు గొంతులు

2003లో నేను పటాన్‌చెరు దగ్గరి ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. మా పిల్లల్లో ఎక్కువమంది ఫ్యాక్టరీ కార్మికుల బిడ్డలు. ఆ ఏడు బడికి కంప్యూటర్లు వచ్చాయి. లెక్కల సారు వాటి మీద టైపింగ్ నేర్పుదామన్నారు. శనివారం మధ్యాహ్నాలు మాత్రం చరిత్రకు కావాలని నేను పట్టుబట్టి తీసుకున్నాను.

మేము చేసింది స్లైడ్ షో. ఫొటో, మాట, రాత కలిపి తెర మీద ఒకదాని తర్వాత ఒకటి చూపించడం. దానికి నేనొక నియమం పెట్టాను: ప్రతి ఫొటోకూ రెండు గొంతులు ఉండాలి. ఒకే సంగతిని వేరువేరు చోట్ల నిలబడి చూసిన ఇద్దరు మైకులో చెప్పాలి. చివరి స్లైడులో విద్యార్థి తన ప్రశ్న రాయాలి.

తొమ్మిదో తరగతి స్వరూప, గుమ్మడిదల వైపున్న మా ఊరి గడి ఫొటో తెచ్చింది. గడి అంటే కోటలాంటి దొరల ఇల్లు, మా తాతగారిది. అప్పటికే ముందుగోడ కూలింది, వెనక భాగంలో ఏదో కంపెనీ డ్రములు పెట్టుకుంది. స్వరూప నాయనమ్మ బాలమ్మ ఒకప్పుడు ఆ గడిలో పనిచేసింది.

“మేడం, మొదటి గొంతు మీదే కావాలె” అంది స్వరూప.

మైకు ముందు నిటారుగా కూర్చుని చెప్పాను. కరువు ఏడాది మా తాత, నేలలో ధాన్యం దాచే పాతర తెరిపించి, అందులో నిలవచేసిన జొన్నలు ఊరంతటికీ పంచాడు. మా ఇంట్లో తలెత్తి చెప్పుకునే మాట అది.

మరుసటి శనివారం బాలమ్మ వచ్చింది. మైకును వేలితో పొడిచి, “గీ బుడ్డది నా మాట మింగుతదా?” అని నవ్వింది. తర్వాత నావైపు తిరిగింది. “నువ్వు జెర బయటికి పో దొరసానీ. నువ్వుంటే నాకు నోరు రాదు.” వరండాలోకి వెళ్లాను.

సంగారెడ్డిలో జిల్లా ప్రదర్శనకు బడి తరఫున ఒక్క స్లైడ్ షోనే పోతుంది. అది స్వరూపదేనని అనుకున్నాం. సోమవారం ఆ పిల్ల ముఖం వేలాడేసుకుని వచ్చింది.

“నాయనమ్మ మాట తీసేస్తా మేడం. మీరు వినకుండ్రి.”

బాలమ్మ రికార్డింగు విన్నాను. “దొర పాతర తీసిండు, జొన్నలు పెట్టిండు. అబద్ధమెందుకు చెప్తా? మరి గా పాతర నింపిందెవలు? మేమే గద. కూలి లేకుండ దున్నినం, కోసినం, మోసినం. మా జొన్నలే మాకు పెట్టి, దండం గూడ పెట్టిచ్చుకున్నడు.”

హెడ్మాస్టరు ఇబ్బందిపడ్డారు. “మీ ఇంటి పరువు మేడం. రెండోది కట్ చేయించి పంపుదాం.”

“ఉంటే రెండూ ఉంటాయి సార్. నియమం నాది. నా గడప దగ్గర మార్చను.”

సంగారెడ్డిలో హాలు నిండింది. రెండు గొంతులూ అయ్యాక తెర మీద స్వరూప ప్రశ్న వచ్చింది: “పాతర తెరిచినాయన పేరు అందరికీ తెలుసు. నింపినవాళ్ల పేర్లు ఎవరికి తెలుసు?”

ముందు వరుసలో ఒక అధికారి ఎగతాళిగా అడిగాడు: “ఆ మొదటి గొంతు ఏ దొరసానిదమ్మా?”

స్వరూప బెదిరి నావైపు చూసింది. నేను లేచి నిలబడ్డాను.

“నాది. ఆ గడి మాది. ఆ ప్రశ్న రాసిన పిల్ల నా విద్యార్థి.”

వెనక నుంచి మొదలైన చప్పట్లు ముందుకు వచ్చాయి.

తిరుగు ప్రయాణంలో బస్సు కిక్కిరిసింది. మనవరాలి కోసం వచ్చిన బాలమ్మ నా సీటు పక్కన కాసేపు నిలబడి, “జరుగు దొరసానీ, కాళ్లు గుంజుతున్నయ్” అంది. జరిగాను. పటాన్‌చెరు దాకా నా పక్కనే కూర్చుంది.

పిల్లల చేతికి మైకు ఇస్తే అది మన గుమ్మం వైపు కూడా తిరుగుతుంది. తిరగనివ్వాలి. గడి నాకు దక్కలేదు. ఆ ప్రశ్న పుట్టిన తరగతి మాత్రం నాది.