మొహం మారింది అన్నాను

ఎవరన్నా నా కన్ను గురించి గొప్పగా మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఇన్నేళ్ళుగా నేను మోస్తా ఉండే బరువు ఇదే. పొగడ్త కూడా ఒక బరువేనా అంటారేమో. మీది కాని పొగడ్త మోసి చూడండి, తెలుస్తుంది. నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీతో చెప్పేదానికి ధైర్యం వచ్చింది.

జార్జి టౌన్‌లో ఒక గడియారాల అంగడిలో నేను రిపేరు పని చేస్తాను. ఖరీదైన ఫారిన్ వాచీలు మా అంగడికే వస్తాయి. వాటి డయలు కంపెనీలో పుట్టిందేనా, లేక ఎవరో రంగు పూసి మళ్ళీ అచ్చేసిందా అని తేల్చేది నేనే. డయలుని మేము మొహం అంటాం. నకిలీదయితే నేను చెప్పేది రెండే మాటలు, "మొహం మారింది" అని. ఇంక దాని మీద ఓనరు కూడా మాట్లాడడు. మంచి కన్ను అనే ఈ పేరు నాకు ఎట్ట వచ్చిందో ఎవరూ అడగరు. అడిగితే బాగుండు.

మా అక్క మొగుడు, మా బావ, అప్పట్లో అదే అంగడిలో పని చేసేవాడు. మా ఇద్దరికీ పని నేర్పింది మా నాయనే. బావ పెరంబూరు నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. అక్క పెట్టిచ్చిన క్యారియర్లో నాకూ అన్నం ఉండేది. బావ చెయ్యి నిదానం, మాట అంతకంటే నిదానం. నేను రెండు వాచీలు ముగించినా ఆయన మొదటి దాంట్లో దుమ్ము ఊదుకుంటా ఉండేవాడు. అయినా మంచి వాచీలన్నీ ఆయనకే. వాకిలి పక్కన వెలుగుండే బల్ల ఆయనకే. లోపల గోడ పక్కన బల్బు కింద కూర్చొని నేను లోలోపల ఉడికిపోయేవాణ్ణి.

ఒకసారి మిరపకాయల మండీ శెట్టిగారు, చనిపోయిన వాళ్ళ నాయన వాచీ తెచ్చినాడు. బావ విప్పి, కడిగి, నూనె వేసి, పచ్చబడిన పాత అద్దం తీసేసి కొత్తది వేసి ఇచ్చినాడు. శెట్టిగారు ఇంటికి పోయి చూసుకొని, తెల్లారేసరికి రంకెలేస్తా వచ్చినాడు. వాళ్ళ నాయన వాచీ మొహం ఇంత తెల్లగా ఉండేది కాదంట. అసలు డయలు ఎవరికో అమ్మేసి నకిలీది పెట్టినారంట. అద్దం మారిస్తే అట్టే కనిపిస్తుందని బావ చెప్తానే ఉండాడు. వినేదెవరు? ఓనరు వాచీ తెచ్చి నా చేతిలో పెట్టినాడు, "నువ్వు చూడప్పా" అని.

లెన్సు పెట్టుకొని చూసినాను. ఆరు అంకె కింద, అంచు దగ్గర, వాచీ చేసిన దేశం పేరు చీమకాళ్ళంత అక్షరాల్లో ఉంటుంది. నేను అంతవరకు చూసిన మంచి వాచీల్లో ఆ పేరుకి రెండు పక్కలా ఇంగ్లీషు 'టి' ఒక్కోటి ఉండేది. నకిలీ అచ్చేసేవాళ్ళు దాన్ని వదిలేస్తారని నా లెక్క. దీంట్లో టి లేదు. అంగట్లో అందరూ నా నోటి వైపే చూస్తా ఉండారు. ఆ చూపులు ఎంత బాగుండాయో ఇప్పటికీ సిగ్గు లేకుండా గుర్తుంది. మొహం మారింది అన్నాను.

ఆ టి సంగతి తర్వాత తెలిసింది. చీకట్లో మెరిసేదానికి డయలు మీద పూసే మందు మార్చినప్పుడు వచ్చిన గుర్తంట. అంతకు ముందు చేసిన వాచీల్లో ఉండదు. శెట్టిగారి నాయన వాచీ అంతకు ముందుది. తెలియక జరిగిన పొరపాటు. ఇంతటితో ఆగింటే, పొరపాట్లు ఎవరు చెయ్యరు అని నన్ను నేనే ఓదార్చుకొని హాయిగా ఉండేవాణ్ణి. చూసినారా, టి గురించి ఇంత విడమర్చి చెప్తా ఉండాను. అసలు తప్పు చెప్పే చోటికి వచ్చి కూడా నేను సందులు వెతుక్కుంటా ఉండానా? ఛీ, ఏం బతుకు ఇది!

చెప్తాను. ఆ రోజే ఓనరు బావని ఇంక రావద్దన్నాడు. శెట్టిగారు వాచీని మంచి డయలు వెయ్యమని నాకే ఇచ్చి పోయినాడు. మరుసటి రోజు నేను వెలుగుండే బల్ల దగ్గర కూర్చున్నాను. ముళ్ళు తీసి, డయలు తీసి, వెనక్కి తిప్పినాను.

వెనక శ్రీ అని ఉంది.

మా నాయన తాను విప్పిన ప్రతి వాచీ డయలు వెనకా సూదిమొనతో శ్రీ అని గీసేవాడు. కిందికి పోయే తోక పొడుగ్గా లాగి, చివర కొంచెం పైకి తిప్పేవాడు. ఆ తిప్పు ఇంకెవరికీ రాదు. శెట్టిగారి నాయన వాచీని, తాను బతికినన్నాళ్ళూ బాగు చేసింది మా నాయనే. డయలు అసలుదే. బావ ఏ పాపం ఎరగడు.

అప్పుడే లేచి ఓనరు దగ్గరికి పోవాల్సింది. పోలేదు. మధ్యాహ్నం బావ వచ్చినాడు. అంగడి మెట్టు ఎక్కలేదు. ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి చెయ్యి ఊపినాడు. పోయినాను.

"వెనక తిప్పి చూసినావాప్పా? మామ గీసిన శ్రీ ఉండాలే. కడిగేటప్పుడు నేను చూసినాను" అన్నాడు.

"చూసినాను బావా. ఏమీ లేదు."

"లేదా?"

"లేదు."

ఆయన టీ గ్లాసు కింద పెట్టినాడు. "అట్టయితే నా కన్ను పోయినట్టే అప్పా. లేనిది ఉన్నట్టు చూసినాను. ఏ డయలు ఎందులో పెట్టినానో, నేనే కలిపేసింటాను" అన్నాడు. నా టీకి కూడా ఆయనే డబ్బులిచ్చి పోయినాడు.

ఎందుకు లేదన్నాను? నన్ను నేను ఎన్నిసార్లు అడిగినానో. ముందు రోజు అంగట్లో అంతమంది ముందర చెప్పిన మాట మింగలేకనా? ఆ బల్ల మీద పడే వెలుగు వదులుకోలేకనా? రెండూనేమో. శెట్టిగారి వాచీకి టి ఉండే డయలు ఇంకోటి వెతికి వేసినాను. ఆ రోజు ఆ వాచీ మొహం నిజంగానే మారింది. మార్చింది నేను.

బావ ఇంకో అంగడికి పోలేదు. దొంగ అన్నారని కాదు, కన్ను పోయిందని. పెరంబూరులో సైకిళ్ళ పంక్చరు అంగడి పెట్టినాడు. ట్యూబు నీళ్ళలో ముంచితే బుడగే చెప్తుంది, దీనికి కన్నెందుకు అంటాడు. అక్కకి సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది మాత్రం ఆయనే, అదీ మొదటిసారికే. ఇదేం కన్ను పోవడంరా అని అక్క నన్ను నిలదీసింది. నేను పెద్ద డాక్టరు మాదిరి ఏదో కథ చెప్పినాను.

పోయిన నెల బావ ఎవరినో వెంటబెట్టుకొని అంగడికి వచ్చినాడు. ఆ మనిషి వాచీ తీసి ఇస్తే బావ చేత్తో కూడా ముట్టలేదు. "కన్నంటే మా బామ్మర్దిది" అని గర్వంగా చెప్పినాడు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఒక్కసారి అనుమానపడొచ్చు కదా ఈ మనిషి! రచ్చ చెయ్యొచ్చు కదా! కాలర్ పట్టుకోవచ్చు కదా! ఆయన మంచితనం మీద కూడా నాకే కోపం వస్తుంది, చూడండి నా వాటం.

ఆ డయలు పారెయ్యలేదు. విక్స్ డబ్బీలో దూది మధ్యన దాచినాను. ఇది రాస్తా ఉంటే నా ముందరే ఉంది. రేపు పెరంబూరు పోయి చెప్పేస్తావా అంటే, పోతానని చెప్పలేను. చెప్తే నమ్మొద్దు. ఎన్నిసార్లు రైలు టిక్కెట్టు కొన్నానో, ఎన్నిసార్లు ఆయన అంగడి సందు మొదట్లోనే వెనక్కి తిరిగినానో నాకే తెలుసు. క్షమించమని కూడా అడగను. అడిగితే ఆయన క్షమించేస్తాడు, అది ఇంకా భరించలేను. కానీ ఆ మధ్యాహ్నం అడిగిన మాటకి ఆయనకి నిజమైన జవాబు రాలేదు కదా. ఒక్కసారైనా అది నా చేత్తో రాయాలి. రాస్తే కొంచెం ఊపిరాడుతుందేమో.

తిప్పి చూసినాను బావా. ఉంది.