ఫిట్స్ వచ్చాయా అని అడిగిన పాపానికి

ఒక్క ప్రశ్న అడిగి, ఒక్క చీటీ రాసి, విమానం ఎక్కాల్సిన మనిషిని నేలమీద కూర్చోబెట్టబోయిన నా ఘనకార్యం ఇది. ఇందులో ఎవరూ చావరు. పోయింది నా పరువొక్కటే, అదీ అప్పటికి పెద్దగా ఉండేది కాదు. కాబట్టి మీరు నిర్భయంగా చదువుకోవచ్చు.

నా చదువు పూర్తయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మాది ఖమ్మం వైపు. కోరుట్లలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుగా చేరాను. ఆ వయసులో నాకు తెలివి తక్కువ, అనుమానం ఎక్కువ. దగ్గుతూ వచ్చినవాడికి ఉత్త దగ్గే ఉండటం నాకు నచ్చేది కాదు. దాని వెనక ఇంకేదో నక్కి ఉండాలి, దాన్ని నేను మెడపట్టి బయటికి లాగాలి. రోగి చెప్పినదాన్ని నమ్మేవాణ్ణి కాదు, చెప్పనిదాన్ని అసలే నమ్మేవాణ్ణి కాదు. మా షాహీన్ సిస్టర్ కోరుట్లలోనే పుట్టి పెరిగి, ఇరవై ఏళ్లుగా ఆ ఆసుపత్రిలో సూదులు వేస్తున్న మనిషి. వెనకాల ఆమె నన్ను "పోలీసు సారు" అనేదని తర్వాత తెలిసింది.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక ఉదయం బుగ్గారం నుంచి గంగాధర్ అనే మనిషి భార్య సుజాతను వెంటబెట్టుకుని వచ్చాడు. నలభై లోపు వయసు. గుమ్మం నుంచి కుర్చీ దాకా రావడానికి అతను పట్టిన సమయంలో నేను ఇద్దరు రోగుల్ని చూసి పంపేవాణ్ణి. మడమలు వాచాయి, మణికట్లు వాచాయి, పిడికిలి బిగియడం లేదు. ఎందుకొచ్చావంటే మాత్రం "ఏం లేదు సార్, జర గుంజుతున్నయ్, సూదేస్తె పోత" అన్నాడు.

జ్వరం వచ్చిందా అని అడిగాను. రాలేదన్నాడు. పక్కనుంచి సుజాత, పది రోజుల కింద మూడు రోజులు కాలిపోయిండు గదా అని గుర్తుచేసింది. అతను ఆమెవైపు చూసిన చూపు నేను గమనించాను. జ్వరాన్ని దాచే మనిషి ఇంకేం దాచడు?

అతను దాస్తున్నది నాకు అప్పుడు తెలియదు. మీకు ఇప్పుడే చెప్పేస్తాను. గల్ఫ్‌లో అతను పనిచేసిన కంపెనీ మూతపడింది. ఇంటికొచ్చి నెల తిరక్కుండానే వేరే కంపెనీ వీసా దొరికింది. సోమవారం హైదరాబాదులో దానికి మెడికల్ పరీక్ష. అది నెగ్గితేనే విమానం, లేకపోతే లేదు. ఒంట్లో జబ్బుందని ఎక్కడ కాగితం మీదికెక్కినా కొంప మునుగుతుందని అతని భయం. అందుకే నా ఎదుట నేరస్థుడిలా కూర్చున్నాడు. నేనూ అలాగే చూశాను.

అసలు కథ సుజాత నోట గల్ఫ్ అనే మాట నా చెవిన పడ్డాక మొదలైంది. కీళ్లను పట్టుకునే అంటురోగాల గురించి నేను వారం రోజులుగా లావుపాటి పుస్తకమొకటి చదువుతున్నాను. అందులో బ్రూసెల్లోసిస్ అని ఒకటుంది. ఒంటెలు, మేకల దగ్గర పనిచేసేవాళ్లకూ, పచ్చిపాలు తాగేవాళ్లకూ వస్తుంది. జ్వరం వస్తుంది, కీళ్లు వాస్తాయి. ఒక్కోసారి మెదడుకూ పాకుతుంది. జిల్లా మొత్తంలో దాన్ని మొదట పట్టుకున్న డాక్టరుగా నా పేరు మార్మోగడం నాకు స్పష్టంగా వినిపించింది.

ఒంటెలు కాశావా అని అడిగాను. లేదు, లిఫ్టులు బాగుచేసేవాణ్ణన్నాడు. ఒంటెపాలు తాగావా అన్నాను. దుకాణంలో డబ్బా మజ్జిగ తాగానన్నాడు. అబద్ధమనుకున్నాను. సుజాతకూ అదే అనుమానం కలిగినట్టుంది, ఇన్నేళ్లూ లిఫ్టుల పని అని చెప్పి నువ్వు ఒంటెలు కాసినవా అని మొగుణ్ణి గుచ్చి గుచ్చి అడిగింది. అతను నన్ను అనుమానంగా చూశాడు. గదిలో ఎవరూ ఎవర్నీ నమ్మని ఆ శుభ ముహూర్తంలో, మెదడు సంగతి తేల్చుకుందామని ఆ ప్రశ్న వేశాను.

"ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా?"

అతని మొహం వెలిగింది. "అచ్చినయ్ సార్. పోయినప్పుడల్ల అచ్చినయ్."

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు. రెండు బొంబైల, ఒకటి హైదరాబాద్ల."

"వచ్చే ముందు ఏమైనా తెలుస్తుందా?"

"రెండు రోజుల ముందుకెల్లి గుండె దడదడ కొట్టుకుంటది సార్. బుక్క లోపటికి పోదు, నిద్ర పట్టది."

పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాడు.

"వచ్చిన తర్వాత?"

"పానం నిమ్మలమైతది. చుట్టాలకు ఫోన్లు జేత్త."

"మరి ఇంట్లోవాళ్లు ఏం చేస్తారు?"

ఈసారి సుజాత జవాబు చెప్పింది. "మొదటిసారి అచ్చినప్పుడు యాటను కోసినం సార్. వాడకట్టంత తిన్నరు."

మూర్ఛకు వైద్యం చేయించకుండా పొట్టేలును కోసుకున్న ఆ అమాయకుల మీద నాకు జాలి పొంగుకొచ్చింది. ఇక మీకు ఏ భయమూ లేదు, నేనున్నాను అన్నాను. కళ్లు చెమర్చిన మాట కూడా ఒప్పుకుంటాను. తర్వాత చీటీ తీసి ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో ఫిట్స్, మూడుసార్లు అని రాశాను. కింద బ్రూసెల్లోసిస్ అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, కరీంనగర్‌లో తల స్కాన్ చేయించుకొమ్మన్నాను. గంగాధర్ చీటీ మీదకు వంగి ఆ మొదటి మాట చదువుకుని మురిసిపోయాడు.

"సార్, ముద్ర గూడ కొట్టుండ్రి. రెండు కొట్టినా మంచిదే."

రెండు కొట్టాను. అతను వాచిన చేతులతోనే దండం పెట్టాడు. ఇన్నాళ్లకు నన్ను అర్థం చేసుకున్న రోగి దొరికాడనుకున్నాను.

మర్నాడు పొద్దున ముగ్గురొచ్చారు. గంగాధర్, సుజాత, మూడోవాడు జగిత్యాలలో వీసాలు చూసే ఏజెంటు మల్లేశం. గంగాధర్ కరీంనగర్ వెళ్లనేలేదు. చీటీ పట్టుకుని నేరుగా ఏజెంటు దగ్గరికి వెళ్లి, కోరుట్ల సారు ముందుగానే రాసిచ్చాడని చూపించాడు. మల్లేశం చీటీని నా బల్లమీద పరిచి చాలా మర్యాదగా అడిగాడు.

"సార్, ఈయనకు మూర్ఛ రోగం ఉన్నదని రాసిన్రు. ఈయన ఒక్కనాడు గూడ కిందవడ్డది నేను సూడలే. గిట్ల కాయితం ఉంటె కంపెనీ తీస్కుంటదా?"

నేను కల్పించలేదు, ఆయనే చెప్పాడు అన్నాను. చెప్పలేదన్నాడు గంగాధర్. మూడుసార్లు వచ్చాయని చెప్పలేదా అని గద్దించాను.

"ఫిట్టు సార్," అన్నాడు అతను నీరసంగా. "మెడికల్ల ఫిట్టు అచ్చింది. మూడుసార్లు పోతె మూడుసార్లు ఫిట్టే అచ్చింది. మూర్ఛ గాదు."

గుమ్మం దగ్గర షాహీన్ సిస్టర్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. ఆ చుట్టుపక్కల ఏ ఇంటి గడప తొక్కినా ఫిట్టు, అన్‌ఫిట్టు అంటే గల్ఫ్ మెడికలేనట. ఫిట్టు వస్తే పండగ, అన్‌ఫిట్టు వస్తే ఇల్లంతా గప్‌చుప్. పసిపిల్లలకు కూడా తెలిసిన ఈ మాట నాకొక్కడికే తెలియదు.

సుజాతకు మాత్రం నవ్వు రాలేదు. బీడీలు చేసీ చేసీ నల్లబడ్డ వేళ్లతో ఆ చీటీని సాపు చేస్తూ మెల్లగా అంది. "ఆయన పోకుంటె మాకెట్ల సార్? మీరు దేవుని లెక్క రాసిచ్చిన్రనుకున్నం."

తలెత్తి ఆమె మొహం చూడలేక చేతులవైపు చూశాను. వేళ్ల కణుపులు ఒక్కొక్కటీ వాచి ఉన్నాయి. బీడీల వల్లా అని అడిగాను. కాదట. మొగుడికి జ్వరం వచ్చిన వారానికే ఆమెకూ వచ్చిందట. వాళ్ల వాడకట్టులో ఇంటికిద్దరు గోడలు పట్టుకుని నడుస్తున్నారట.

"ఈమె గూడ ఒంటెపాలు తాగిందా సార్?" అని షాహీన్ సిస్టర్ ఎంతో వినయంగా అడిగింది.

తర్వాత నన్ను గుమ్మం దాకా తీసుకెళ్లి బయటి బెంచీలు చూపించింది. కూర్చున్నవాళ్లలో సగం మంది మోకాళ్లు పట్టుకుని ఉన్నారు. పేరు పిలిస్తే ఒకావిడ లేచింది, అచ్చం గంగాధర్ నడకే. వారం రోజులుగా ఈ నడక నా కళ్లముందే ఊరేగుతుంటే నేను ఎడారిలో ఒంటెల్ని వెతుకుతున్నాను. రక్తపరీక్షలో మొగుడూ పెళ్లాలిద్దరికీ చికున్‌గున్యా అని తేలింది. వాకిట్లో మూతలేని నీళ్ల డ్రమ్ములోంచి లేచిన దోమల పని అది.

మెడికల్‌ను మూడు వారాలు వాయిదా వేయిస్తానన్నాడు మల్లేశం. కానీ తప్పుడు చీటీ బయటికొచ్చింది కాబట్టి దాన్ని కొట్టేస్తూ ఇంకొకటి కావాలన్నాడు. నా తప్పు దిద్దుకునే అవకాశం దొరికిందని ఉత్సాహంగా కొత్త చీటీ తీసి, ఇంకా పెద్ద అక్షరాలతో "నో ఫిట్స్" అని రాసి, కొట్టగలిగినన్ని ముద్రలు కొట్టి ఇచ్చాను.

మల్లేశం చదివాడు. గంగాధర్ చదివాడు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సార్," అన్నాడు గంగాధర్ ఏడుపు గొంతుతో, "మల్ల అన్‌ఫిట్టే రాసిన్రు గదా."

షాహీన్ సిస్టర్ ఇక ఊరుకోలేదు. నా చేతికి మూడో కాగితం ఇచ్చి, తాను చెప్పింది చెప్పినట్టు తెలుగులో రాయమంది. ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "గీ మనిషికి మూర్ఛ లేదు, ఎన్నడు లేకుండె. డాక్టరుకు సమజ్ గాలే." డాక్టరుకు అర్థం కాలేదన్న ఆ మాట కింద నా సంతకం, నా ముద్ర. నా వైద్య జీవితంలో నేనిచ్చిన మొదటి సరైన సర్టిఫికెట్ అదే.

మూడు వారాల తర్వాత గంగాధర్ హైదరాబాదు నుంచి ఫోను చేసి, ఫిట్టు వచ్చిందని చెప్పాడు. కుర్చీలోంచి లేచి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. అంత సంతోషం నాకు డిగ్రీ చేతికొచ్చిన రోజు కూడా కలగలేదు.

ఆ రోజే స్టెతస్కోపు మీద చేయివేసి భీషణ ప్రతిజ్ఞ చేశాను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో నా బొందిలో ప్రాణమున్నంత వరకూ ఆ మాట నోటివెంట రానివ్వను. అడగక తప్పకపోతే కళ్లు తేలేసి, కాళ్లూ చేతులూ కొట్టుకుని, ఇలా ఎప్పుడైనా అయిందా అని అభినయించి చూపిస్తాను. ప్రతిజ్ఞను ఇప్పటిదాకా నిష్ఠగా పాటిస్తున్నాను. మొన్న చందుర్తి నుంచి వచ్చిన పెద్దమనిషొకాయన ఆ అభినయం పూర్తికాకుండానే నన్ను అమాంతం ఎత్తి మంచం మీద పడుకోబెట్టి, బయటికెళ్లి వరుసలో ఉన్న వాళ్లందరికీ చెప్పాడట, "పాపం, ఈ సారు అన్‌ఫిట్టు" అని.