ఆత్మకూరు బస్టాండులో తెల్ల మందు

మా ఇంట్లో పుట్టినవాళ్లందరి ముందు పళ్ల మీద గోధుమ రంగు చారలుండేవి. ఉదయగిరి కోట కింద పొలాలన్నీ చేజారినా ఆ చారలు మాత్రం మిగిలాయి. అవి వంశం గుర్తని అవ్వ నమ్మకం. కోడళ్లుగా వచ్చినవాళ్ల పళ్లు తెల్లగా ఉండేవి, వాళ్ల కడుపున పుట్టినవాళ్లకు చారలొచ్చేవి. ఇంతకన్నా రుజువేం కావాలనేది ఆమె. నేనూ నమ్మాను. పళ్లు కనపడకుండా నవ్వడమే మర్యాద అనుకుంటూ పెరిగాను.

చెల్లెలికి ఆ మర్యాద గిట్టలేదు. డెబ్బయ్యవ దశకం చివర్లో ఆమెకు ఆత్మకూరులో టీచరు ఉద్యోగం వచ్చింది. పాఠం చెబుతుంటే పిల్లలు పుస్తకం వదిలి ఆమె పళ్లకేసి చూసేవారట. వక్కాకు టీచరని పేరు పెట్టారు. జన్మలో ఆకు నోట పెట్టిన మనిషి కాదు.

ఒక శనివారం ఇంటికొచ్చి నన్ను చూసి నవ్వింది. ముందు పళ్లు రెండు తెల్లగా ఉన్నాయి. పాల తెలుపు కాదు, సున్నం కొట్టిన గోడ తెలుపు. ఆ పళ్ల పైన చిగురు పాలిపోయి, ఉడికిన గుడ్డులోని తెల్లసొనలా ఉంది. బస్టాండులో ఒకాయన మందు రాశాడని, సోమవారం మిగతావాటికి రాస్తాడని చెప్పింది. మంట పుట్టిందా అంటే కొంచెమే అంది. భోజనాల దగ్గర మాత్రం పులుసు పక్కకు నెట్టి, మజ్జిగన్నంతో లేచింది. అది చూశాక ఆ కొంచెమే అన్న మాట మీద నాకు నమ్మకం పోయింది.

సోమవారం ఆమెతో పాటు నేనూ బస్సెక్కాను. మందాయన గోనెపట్ట మీద ఊడిన పళ్లు కుప్పగా పోసుకుని కూర్చున్నాడు. పక్కన గాజు బిరడా పెట్టిన సీసా. నేను సీసాను కాదు, అతని చేతులను చూశాను. పుల్లకు దూది చుట్టి ముంచుతున్నాడే తప్ప వేలికి చుక్క తగలనివ్వడం లేదు. అతని పళ్లు మాత్రం పచ్చగానే ఉన్నాయి.

"నీ పళ్లకు రాసుకోలేదేందయ్యా?" అన్నాను.

"వైద్యుడు తన మందు తానే తాగతాడా సామీ?"

"తాగొద్దులే. ఒక్క చుక్క నీ చిగురు మీద పెట్టుకో, చూస్తా."

అతను కుప్పలోంచి ఒక పన్ను తీసి దానికి రాసి చూపించాడు. మరక పోయిన మాట నిజమే. ఊడిన పంటికి మంటేం తెలుస్తుందని అడిగి, అతని చేతిలోని పుల్ల లాక్కుని కింది నాపరాయి మీద విదిలించాను. రాయి బుసబుసమని నురగ కక్కింది. చుట్టూ ఉన్నవాళ్లు వెనక్కి జరిగారు. చెల్లెలు కదల్లేదు.

"నువ్వు నోరు మూసుకోని ఇంట్లో కూచుంటావు, సరే. నేను నోరు తెరిస్తేనే కదన్నా కూడు," అంది.

నెల్లూరులో పళ్ల డాక్టరుకు చూపిద్దామని, ఆయన సరేనంటే నేనే వెంటబెట్టుకొచ్చి రాయిస్తానని మాటిచ్చాను. మాటిస్తే తప్పనని తెలుసు గనక ఒప్పుకుంది.

ఆ డాక్టరునూ నేను నమ్మి వెళ్లలేదు. ఆయన బల్ల మీదా గాజు బిరడా సీసా ఒకటుంది. ఆయన చాలాసేపు చూసి, రాసింది యాసిడ్ అన్నాడు. చిగుళ్లలో కణాలు మాడిపోయాయనీ, అవి బతికున్న మాంసం కాబట్టి కొత్త కణాలు పుట్టి పుండు మానుతుందనీ చెప్పాడు. పంటి పైపొర అలా కాదట. దాన్ని కట్టిన కణాలు పన్ను బయటికి రాకముందే పోతాయట. కరిగిన పొరను మళ్లీ కట్టేవాళ్లు లేరన్నమాట.

తర్వాత ఏ నీళ్లు తాగి పెరిగారని అడిగాడు. మా పెరటి బావివే, ఇంకొకరి నీళ్లు ముట్టమన్నాను. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఉండి ఉంటుందనీ, పన్ను లోపల తయారయ్యే వయసులోనే ఆ మరక పడుతుందనీ, పెద్దయ్యాక వచ్చిన కోడళ్లకు పడదనీ అన్నాడు. నీళ్ల వంకతో వంశాన్నే కొట్టేస్తున్నాడనిపించింది. మీ బావి నీళ్లు ఇంకెవరైనా తాగేవారా అన్నాడు. మా దొడ్లో కాపురమున్న గొర్రెల కాపరి పిల్లలూ ఆ నీళ్లే తాగారు, వాళ్లకూ ఇవే చారలు. వాటిని చూసే అవ్వ మా తాతతో ఏళ్ల తరబడి ముఖమిచ్చి మాట్లాడలేదు.

చెల్లెలు ఆ సంగతంతా డాక్టరుకు చెప్పేసింది. "అయితే తాత మంచోడేన్నా," అని నవ్వబోయి నోరు పట్టుకుంది. తర్వాత ఆయన సీసాకేసి చూపించింది.

"అందులోది ఏంది సార్?"

"ఆ జాతిదేనమ్మా. నీళ్లు ఎక్కువ కలిపింది. చిగుళ్లకు రబ్బరు కప్పి రాస్తాను. తెల్లబడతాయి. ఏళ్లు గడిచాక పంటి లోపలి ప్రాణానికి ఏమవుతుందో మాత్రం నాకు తెలియదు."

గొప్పలు చెబుతాడని కాచుకుని కూర్చున్నాను, తెలియదనేశాడు. రాయించుకోమందామా, వద్దందామా అని చెల్లెలి ముఖం చూశాను. ఆమె కొంగు సర్దుకుని లేచింది.

"తెలియంది వద్దులే సార్. ఉండేవన్నా ఉండనీండి."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. సంగం దగ్గర పెన్న గాలి తగలగానే ఆ రెండు పళ్లూ జివ్వుమన్నాయంది. నేను లేచి కిటికీ వైపుకు మారాను. మర్నాడు పిల్లలకు చెప్పాల్సిన పాఠం గురించి ఆత్మకూరు దాకా ఆమె మాట్లాడుతూనే ఉంది.