ఇల్లిల్లూ తిరిగిన స్విచ్

ఆయన్ని వీధిలో అందరూ సర్దుబాటు మేస్త్రి అంటారు. ఏం అడిగినా "సర్దేద్దాం లెండి" అనడం తప్ప ఆ నోట మరో మాట రాదు. ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు బిగించడం ఆయన వృత్తి. బిగించేది పనివాళ్లనుకోండి, ఈయనగారు కింద కుర్చీలో కూర్చుని చొక్కా నలగకుండా చూసుకుంటారు.

ఎండ ఉన్నంతసేపూ ప్యానెళ్లలో కరెంటు పుడుతూనే ఉంటుంది. ఇంటి మెయిన్ ఆపినా పైనుంచి దిగే తీగల్లో అది పోదు. అందుకే ఆ తీగలు బయటి గోడ వెంట దిగి, గేటు పక్కన ఎర్ర పిడి ఉన్న స్విచ్ దాటాకే ఇంట్లోకి వెళ్లాలని నిబంధన. ఏ ప్రమాదం జరిగినా ఎవరైనా బయట నిలబడే ఆపేయొచ్చు. చంటిపిల్లాడికి చెప్పినా అర్థమయ్యే సంగతి. మన మేస్త్రికి మాత్రం దండగ ఖర్చు. "ఎప్పుడో ఇల్లు అంటుకుంటుందని ఇప్పుడే గోడ పాడుచేసుకుంటారా?" అని వెటకారమాడేవాడు.

కరెంటు ఆఫీసు తనిఖీ గట్టెక్కడానికి ఒక ఉపాయం కనిపెట్టాడు. ఆయన దగ్గర ఉన్నది ఒకే ఒక్క స్విచ్. అసలు తీగల్ని మేడ మీంచి నేరుగా ఇంట్లోకి దించేసి, అధికారి వచ్చే ముందు ఆ స్విచ్‌ని గోడకి తగిలించి, ఎక్కడికీ పోని తీగ ముక్కల్ని కింద గొట్టంలో దూర్చేవాడు. ఆ అధికారి మహానుభావుడు కారు దిగితే కదా! అద్దం కాస్త దించి, ఎర్ర రంగు కంటికి ఆనగానే తలాడించేవాడు. వీధి వీధంతా స్విచ్ మూత మీద అదే గీత, అదే సొట్ట చూస్తున్నా ఆయనకి చీమ కుట్టినట్టయినా లేదు. కారు మలుపు తిరగ్గానే మేస్త్రి స్విచ్ ఊడదీసి, కన్నాలకి లప్పం పూసి, సంచిలో వేసుకుని పోయేవాడు. గోడ నున్నగా ఉందని ఇంటివాళ్లు మురిసిపోయేవాళ్లు. వాళ్ల తెలివీ అంతంతమాత్రమే.

పోనీ, సొంత అక్క దగ్గరైనా బుద్ధిగా ఉన్నాడా? తల్లి పోయాక వీణ్ణి పెంచింది ఆవిడే. మేడ మీద గదిలో కుట్టు మిషన్లు వేసుకుని స్కూలు యూనిఫారాలు తను కుడుతూ, నలుగురిచేత కుట్టిస్తుంది. ఆ గదీ, ఆ చేతులే ఆవిడ బతుకు. ఆవిడ గోడ నుంచీ స్విచ్ ఊడబీకాడు. ఏదిరా అని అడిగితే, "వానకి తడుస్తుందని లోపల పెట్టానక్కా" అన్నాడు. సిగ్గూ ఎగ్గూ లేని మనిషి.

ఒక మధ్యాహ్నం మెట్ల మలుపులో ఉన్న ఇన్వర్టర్ అంటుకుంది. కుట్టేవాళ్లందరినీ బయటికి పంపి, ఆవిడ ఫైరింజన్ని పిలిపించింది. "సోలార్ స్విచ్ ఎక్కడమ్మా? అది ఆపకుండా మావాళ్లని లోపలికి పంపలేను" అన్నాడు ఫైర్ ఆఫీసరు.

ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసింది. అయ్యగారు అప్పుడు ఇంకో ఇంటి గేటు దగ్గర అదే స్విచ్ తగిలించి నిలబడి ఉన్నారు. తనిఖీ కారు ఎదురుగానే ఉంది.

"ఇల్లు అంటుకుందిరా! ఆ స్విచ్ లోపల ఎక్కడ పెట్టావు?"

లేదు అంటే కారులో ఉన్నాయన వింటాడు. అక్క ఇల్లు తగలబడుతుంటే వీడి భయం అదీ.

"మెట్ల కిందే ఉంటుందక్కా, సరిగ్గా చూడు" అని ఫోన్ పెట్టేశాడు.

ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని, పెరటి తలుపులోంచి పొగలోకి దూరి, మెట్ల కింద గోడంతా తడుముతూ వెతికింది. పైనుంచి కరిగిన ప్లాస్టిక్ కారి చేతుల మీద పడింది. ఫైరువాళ్లు ఆవిడని ఈడ్చుకొచ్చారు. ఎండ తగలకుండా ప్యానెళ్ల మీద టార్పాలిన్లు కప్పి, నీళ్లు కొట్టేసరికి మేడ గది బూడిదైంది.

మేస్త్రి పరుగెత్తుకొచ్చేసరికి ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంది. రెండు చేతులకీ కట్లు.

"అయ్యో అక్కా! లోపలికెందుకు వెళ్లావు?" అన్నాడు వెధవ.

"లేదని ఒక్క ముక్క చెప్పుంటే బయటే ఉండేదాన్ని కదరా," అందావిడ.

ఫైర్ ఆఫీసరు అటే వస్తున్నాడు. అక్క నోరు విప్పదులే అని మేస్త్రికి ఇంకా ధీమాగానే ఉంది. ఆవిడ కట్టుకట్టిన చేయి ఎత్తి తమ్ముడి వైపు చూపించింది.

"బిగించింది వీడేనండీ. నా తమ్ముడే. రాసుకోండి."