పాదాలు చాపిన మధ్యాహ్నం

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేసేసరికి మడమలో మేకు దిగినట్టుండేది. గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, మొహం కడుక్కుని వచ్చేటప్పటికి కాస్త సర్దుకునేది. సర్దుకుంటోంది కదా అని కొన్నాళ్ళు ఎవరికీ చెప్పలేదు. పౌరోహిత్యం చేసుకునేవాడికి గొంతూ కాళ్ళే ఆధారం. గొంతు బాగాలేదంటే జనం జాలిపడి పాలల్లో మిరియాలపొడి వేసి ఇస్తారు. కాళ్ళు బాగాలేవంటే మాత్రం, పాపం పెద్దాయనకి శ్రమ ఎందుకని, ఇంకో పంతులుగారిని పిలుచుకుంటారు.

చివరికి మా ఆవిడే కనిపెట్టింది. రాజమండ్రిలోనే ఒక డాక్టరుగారికి చూపించింది. ఆయన ఎక్స్‌రే తీయించి, మడమ కింద వాపుందని చెప్పి, మాత్రలు రాసి, గట్టి నేల మీద ఉత్త కాళ్ళతో నడవకండి అన్నారు. నాకు నవ్వొచ్చింది. పెళ్ళిమండపంలో చెప్పులేసుకుని నిలబడి మంత్రం చెప్పే పురోహితుణ్ణి ఆయన ఎక్కడైనా చూశారేమో నాకు తెలియదు.

"పక్కింటావిడ రిఫ్లెక్సాలజీకి వెళ్ళొస్తోందండీ. పాదాల్లో చోట్లు చూసి నొక్కుతారట. చాలా హాయిగా ఉందంటోంది. మనమూ వెళ్దాం" అంది మా ఆవిడ.

"కాళ్ళు పట్టించుకోడానికి ఊరిమీదికి వెళ్ళడమేంటే? నలుగురూ వింటే నవ్విపోతారు."

"నలుగురికీ ఎవరు చెప్తారు? రేపు మధ్యాహ్నానికి ఫోన్ చేసి చెప్పేసేను."

మర్నాడు స్నానానికి వెళ్ళి, చాలాకాలం తరవాత నా పాదాలు నేను చూసుకున్నాను. మడమల చుట్టూ ఎండిన చెరువు మట్టిలా పగుళ్ళు. పగుళ్ళలో నలుపు. ముందురోజు పెళ్ళిలో అంటుకున్న పసుపు గోళ్ళ సందుల్లోకి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. చిటికెనవేలి గోరు ఎప్పుడు వంకర తిరిగిందో నాకే తెలియదు. రోజూ ఎంతోమంది వంగి ముట్టుకునే పాదాలివి. అయితే దణ్ణం పెట్టేవాడు పాదాలు చూడడు. కళ్ళు మూసుకుంటాడు, లేకపోతే ఫోటో తీసేవాడి వైపు చూస్తాడు. ఇవాళ ఒక మనిషి దీపం వెలుగులో వీటిని దగ్గరగా పెట్టుకుని చూస్తాడని తలుచుకోగానే ఒళ్ళంతా ముడుచుకుపోయింది. కొబ్బరిపీచు తీసుకుని తోమాను. తోమినకొద్దీ ఎర్రబడ్డాయే తప్ప తెల్లబడలేదు.

ఆ చోటు దానవాయిపేటలో ఒక మేడ మీద ఉంది. లోపల ఏసీ, సన్నగా వేణువు పాట, నిమ్మగడ్డి నూనె వాసన. గోడకి రెండు పెద్ద పాదాల బొమ్మ. బొటనవేలి దగ్గర తల అనీ, మధ్యలో పొట్ట అనీ, మడమ దగ్గర నడుమనీ రంగురంగులుగా రాసి ఉంది. వెనక్కి వాలే పెద్ద కుర్చీలు రెండు పక్కపక్కనే ఉన్నాయి. తలుపు తోసుకుని ఒక అమ్మాయి వచ్చింది. కళ్ళజోడు, చేతిలో తువ్వాలు. ముప్పై దాటి ఉండదు. నేను ఆమె వెనకాల ఇంకెవరైనా వస్తారేమోనని చూశాను.

"ఆయన రారా అమ్మా?"

"ఏ ఆయనండి?" అంది. "నేనేనండి చేసేది."

మా ఆవిడ వైపు తిరిగాను. "ఆడపిల్లని చెప్పలేదేం?" అన్నాను గొంతు తగ్గించి.

"చెప్తే వచ్చేవారా?" అంది ఆవిడ, తనూ గొంతు తగ్గించి.

ఆ అమ్మాయి షుగరుందా, బీపీ ఉందా, కాళ్ళకి ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా, పుళ్ళేమైనా ఉన్నాయా అని ఒక్కొక్కటే అడిగింది. భోజనం చేసి ఎంతసేపయిందని అడిగింది. తిన్న వెంటనే చెయ్యకూడదట. "ఇది జబ్బు తగ్గించే వైద్యమని నేను చెప్పనండి. ఒళ్ళు తేలికపడుతుంది, నిద్ర బాగా పడుతుంది, అంతే. డాక్టరుగారి మాత్రలు మానకండి. నొప్పెక్కువైతే చెప్పండి, తగ్గిస్తాను. మొదటిసారి కదా, కొందరికి నవ్వొస్తుంది, కొందరికి ఏడుపొస్తుంది, కొందరు గురక పెట్టేస్తారు. ఏదైనా పర్లేదండి."

నాకు ఇందులో ఏదీ జరగదని తీర్మానించుకుని కుర్చీలో కూర్చున్నాను. కుర్చీ వెనక్కి వాలి, కాళ్ళు పైకి లేచాయి. గోచీ పోసి కట్టిన పంచె మోకాళ్ళ దాకా జారింది. నేను గబుక్కున రెండు చేతులతో లాక్కున్నాను. ఆ అమ్మాయి మొహం అటు తిప్పుకుని తువ్వాలు అందించింది. మా ఆవిడ దాన్ని చంటిపిల్లాడికి దుప్పటి చుట్టినట్టు నా మోకాళ్ళ చుట్టూ దోపింది. అప్పటికే నా చెవులు వేడెక్కిపోయాయి.

ముందు గోరువెచ్చని ఉప్పునీళ్ళ తొట్టిలో పాదాలు పెట్టించింది. హాయిగానే ఉంది. కాసేపటికి నీళ్ళు పచ్చబడ్డాయి. తరవాత బురదరంగుకి తిరిగాయి.

"పసుపమ్మా అది. నిన్న పెళ్ళిలోది" అన్నాను.

"అవునండి" అంది తను.

అందులో పసుపు కానిది ఎంతుందో ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది. నీళ్ళు మారుద్దామని ఆమె లేవబోతుంటే తలుపు తెరుచుకుంది. వచ్చినాయన కాలేజీలో లెక్కలు చెప్పే మాస్టారు. వాళ్ళింట్లో శుభానికైనా అశుభానికైనా నేనే వెళ్తాను. నడుంనొప్పికి ఆయన ఇక్కడికి వస్తుంటారన్న సంగతి నాకేం తెలుసు?

"అరె, గురువుగారండీ! తమరేంటండి ఇక్కడ!" అంటూ, ఎక్కడ కనిపించినా చేసేటట్టే, ఆయన వంగారు. పాదాలు తొట్టిలో ఉన్నాయి. ఒక్క క్షణం ఆగారు. ఇక వంగిన మనిషి ఉత్త చేతులతో లేవలేక, ఆ నీళ్ళల్లోనే వేళ్ళు ముంచి నా పాదాలు ముట్టుకుని, ఆ తడి చేతులే కళ్ళకద్దుకున్నారు.

వద్దని అనేలోపే అయిపోయింది. మోకాళ్ళకి పూలపూల తువ్వాలు చుట్టుకుని, బురదనీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, చెయ్యెత్తి దీర్ఘాయుష్మాన్ భవ అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. ఆయన పక్క కుర్చీలో కూర్చుని, "కానివ్వండి, కానివ్వండి, నా టైముకి ఇంకా ఉంది" అన్నారు. బయటికి వెళ్ళి కూర్చోమని ఎలా చెప్పను?

ఆ అమ్మాయి పాదాలు తుడిచి, నూనె రాసి, ఎడమ పాదం ఒళ్ళో తువ్వాలు మీద పెట్టుకుంది. పైకి చూడలేక నేను ఏసీ వైపు చూస్తున్నాను. ఆమె మాత్రం, మాది ఆత్రేయపురమండి, చిన్నప్పట్నుంచీ వేడి కుండ మీద పూతరేకులు తీసిన చేతులండి ఇవి, మొరటుగా ఉంటే చెప్పండి అంటూ మాటల్లో పెట్టింది. మడమ మీద బొటనవేలితో నొక్కగానే ప్రాణం జివ్వుమంది. అయినా పళ్ళబిగువున ఓర్చుకున్నాను. నొప్పి ఫర్వాలేదు. నొప్పి మర్యాదగా ఉంటుంది. ఆమె వేళ్ళు మెల్లిగా మధ్య పాదం దాటి, వేళ్ళ కిందకి వచ్చేసరికి మొదలైంది అసలు సంగతి. లోపలెక్కడో చీమ పాకినట్టు గిలి. మనసులో సంకల్పం చెప్పుకోవడం మొదలుపెట్టాను. భరతవర్షే దాకా కూడా వెళ్ళలేదు. నా నోట్లోంచి కీచుమని ఒక నవ్వు వచ్చింది. నవ్వుతోపాటే కాలు లేచింది. ఆ కాలు వెళ్ళి ఆ అమ్మాయి గడ్డానికి తగిలింది. కళ్ళజోడు ఎగిరి తొట్టిలో పడింది.

వేణువు పాట మాత్రం ఆగలేదు.

కాలు ఎవరికైనా తగిలితే, చెయ్యి దానంతటదే వెళ్ళి ఆ మనిషిని ముట్టుకుని కళ్ళకద్దుకుంటుంది. పుట్టిన దగ్గర్నుంచీ ఉన్న అలవాటు. నా చెయ్యీ అలాగే వెళ్ళింది. పరాయి ఆడపిల్ల భుజం దగ్గరికి వెళ్ళి, ముట్టుకోవాలో వద్దో తెలియక గాలిలో ఆగిపోయింది. లేద్దామంటే ఆ కుర్చీ లేవనివ్వదు. "అపచారం తల్లీ, అపచారం" అంటూ తిరగబడ్డ తాబేల్లా కొట్టుకున్నాను. మా ఆవిడ పమిట కొంగు నోట్లో కుక్కుకుని వణికిపోతోంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది. మాస్టారు గోడ మీద బొమ్మ వైపు తిరిగి, కాలేయం ఎక్కడుందో తేల్చుకోవలసిన అవసరం ఆ నిమిషానే పడ్డట్టు దీక్షగా చూస్తున్నారు.

"పర్లేదండి, పర్లేదండి" అంది ఆ అమ్మాయి గడ్డం రుద్దుకుంటూ. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నాదే తప్పండి. అక్కడ మెల్లిగా పట్టకూడదు, గట్టిగా పట్టాలి. నేర్చుకునేటప్పుడు మా అమ్మకి పడితే, ఆవిడ తన్నిన తన్నులకి ఇదెంతండి. ఆపెయ్యమంటారా?"

ఆపెయ్యమనే అనాలని నోటిదాకా వచ్చింది. మా ఆవిడ నవ్వు మింగుకుని నా చెవి దగ్గరికి వంగింది. "ఉండండి. ఇప్పుడు లేచి వెళ్ళిపోతే ఆ పిల్ల, కోపం వచ్చిందనుకుంటుంది."

ఉండిపోయాను. ఈసారి ఆమె పాదాన్ని రెండు చేతులతో బిగించి పట్టుకుంది. గిలి లేదు. సిగ్గు మాత్రం ఉంది. కళ్ళు మూసుకుంటే ఎవరూ కనిపించరని మూసుకున్నాను. ఆ తరవాత ఏమైందో నాకు తెలియదు. నా గురకకి నేనే ఉలిక్కిపడి లేచేసరికి రెండు పాదాలూ వెచ్చని తువ్వాల్లో చుట్టి ఉన్నాయి. అందరూ నా వైపే చూసి, అందరూ ఒకేసారి చూపు తిప్పుకున్నారు. ఆ అమ్మాయి గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళిచ్చి, ఇవాళ నీళ్ళెక్కువ తాగండి, రాత్రికి కాళ్ళు కొంచెం సలిపినా కంగారుపడకండి అని చెప్పింది. ఆమె గడ్డం మీద ఎర్రటి మచ్చ ఇంకా ఉంది. నేను ఆమె మొహం చూడలేక గ్లాసుకే వస్తానని చెప్పాను.

ఆటోలో మా ఆవిడ మీద విరుచుకుపడ్డాను. "అందరిముందూ అలా నవ్వుతావేంటే?"

"మరేం చెయ్యను? నిద్రలో 'అమ్మాయీ, తల వంచమ్మా' అన్నారు. ఎవరికో పెళ్ళి చేసేస్తున్నారు. ఆ పిల్ల నిజంగానే వంచింది." మళ్ళీ నవ్వింది. కాసేపాగి, బయటికి చూస్తూ అంది: "మీకు గిలి ఉందని నాకు ఇవాళే తెలిసిందండీ."

ఆటో కోటిపల్లి బస్టాండు దాటేదాకా నేను రెండోవైపు రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

ఆ రోజు నుంచి నాకో కొత్త జబ్బు పట్టుకుంది. ఎవరు నవ్వినా నా గురించే అనిపించేది. కాలేజీ స్టాఫ్‌రూములో మాస్టారు ఈ కథ చెప్పారనీ, వాళ్ళు ఇళ్ళకెళ్ళి భార్యలకి చెప్పారనీ, ఆ భార్యలే రేపు నన్ను వ్రతానికి పిలుస్తారనీ ఊహించుకునేవాణ్ణి. ఆయన ఉండే వీధి తప్పించి, కుంటుకుంటూ చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి. ఎవరైనా దణ్ణం పెట్టడానికి వంగితే పాదాలు పంచె కిందికి లాక్కునేవాణ్ణి. పంతులుగారికి ఎంత వినయమో అన్నారు ఒకరిద్దరు. అది విని ఇంకా సిగ్గుపడ్డాను.

కానీ మాస్టారి నాన్నగారి తద్దినం వచ్చింది. దాన్ని తప్పించుకునే వీధి లేదు. పైగా ఆ పూట భోక్తగా రావలసినాయనకి జ్వరం వచ్చి, మంత్రం చెప్పడానికి మా తమ్ముణ్ణి పెట్టి, నేనే భోక్తగా కూర్చోవలసి వచ్చింది. అంటే ఆ పూటకి వాళ్ళ నాన్నగారి స్థానం నాది. కొడుకు నా కాళ్ళు కడిగి, ఆ నీళ్ళు తలమీద చల్లుకుని, నాకు భోజనం పెట్టాలి. అలా ఎన్ని ఇళ్ళల్లో కాళ్ళు కడిగించుకున్నానో. ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. కడిగేవాళ్ళు తమ తండ్రి కాళ్ళనే కడుగుతారు. నేను ఆ కాళ్ళని అక్కడిదాకా మోసుకొచ్చినవాణ్ణి, అంతే.

ఆ రోజు అలా కాలేదు. మాస్టారి భార్య చెంబుతో నీళ్ళు పోస్తోంది. ఆయన తల వంచుకుని నా ఎడమ పాదం పట్టుకున్నారు. అరచెయ్యి మడమ దగ్గర ఆగింది. మంత్రం మధ్యలో, పెదవులు కదిలీ కదలకుండా అడిగారు.

"ఇప్పుడెలా ఉందండి, ఇక్కడ?"

"ఫర్వాలేదు" అన్నాను.

"నాకూ మొదటిసారి అలాగే అయిందండి. నేనైతే తొట్టే తన్నేసేను. గదంతా నీళ్ళే." ఆగి, "ఎవరికీ చెప్పలేదండి" అన్నారు. ఏది ఎవరికీ చెప్పలేదో, తనదో నాదో, ఆయన చెప్పలేదు.

మాటలు వినిపించి మా తమ్ముడు గొంతు పెంచాడు. మాస్టారు గతుక్కుమని కడగడం మొదలుపెట్టారు. పగుళ్ళు ఆయన వేళ్ళకి తగులుతున్నాయని నాకు తెలుస్తోంది. తండ్రి పాదాలు కడగవలసిన పూట ఆయన మనసు నా మడమ మీదికి పోయింది. దానికి కారణం నేనే అనిపించి పాదం వెనక్కి తీసుకోబోయాను. ఆయన గట్టిగా పట్టుకున్నారు. కడగడం పూర్తయ్యేదాకా వదల్లేదు. ఆ నీళ్ళు తలమీద చల్లుకుంటుంటే నేను కళ్ళు దించుకున్నాను.

భోజనంలో తల ఎత్తలేదు. గారెలు ఇంకో రెండు వెయ్యనా అని అడిగితే వెయ్యమన్నానో వద్దన్నానో గుర్తులేదు. విస్తట్లో అయితే పడ్డాయి. తిన్నాను.

మడమ నొప్పి పూర్తిగా పోలేదు. మండపంలో నిలబడే చోట ఇప్పుడు మందమైన చాప వేయించుకుంటున్నాను. మాత్రలు అయిపోయాయి. అప్పుడప్పుడు, పెళ్ళిళ్ళు వరసగా తగిలినప్పుడు, ఆ మేడ మీదికీ వెళ్ళొస్తున్నాను. మా ఆవిడ తోడు రానక్కర్లేదన్నాను. ఆ అమ్మాయి ఎప్పుడూ ఆ రోజు మాట ఎత్తదు. నొక్కినంతసేపూ వాళ్ళ ఊరి కబుర్లు చెబుతుంది, నేను వింటాను. దిగేటప్పుడు పాదాలు నిజంగానే తేలిగ్గా ఉంటాయి. ఎక్కేటప్పుడు మాత్రం, మొదటి మెట్టు మీద ఆగి, వీధిలో తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారేమోనని ఇప్పటికీ అటూఇటూ చూసుకుంటాను.